పెరుగు కొంచెం ఉందా, కొంచెమే ఉందా?

ప్రశ్న: నేను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నాను. మా మేనేజరు లండన్‌లో ఉంటారు. కొత్త వెర్షన్ విడుదలకు ముందు ఆయన "బగ్స్ ఏమైనా మిగిలాయా?" అని మెయిల్‌లో అడిగారు. అప్పటికి ప్రోగ్రాములో అలాంటి దోషాలు 14 మిగిలి ఉన్నాయి. 'ఫ్యూ బగ్స్' ఉన్నాయని ఇంగ్లీషులో జవాబు రాశాను. ఆయన చాలా సంతోషించి ఆ సాయంత్రమే విడుదల చేయించారు. సోమవారం నుంచి ఫిర్యాదులే ఫిర్యాదులు. "నీవు లేవన్నావు కదా" అని ఆయన, "ఉన్నాయనే రాశాను" అని నేను. మా మామయ్య ఇంగ్లీషు బాగా చదువుకున్నవారు. నా అవస్థ చూసి ఒక కాగితం మీద పట్టిక రాసి ఇచ్చారు: కపుల్ అంటే 2, ఫ్యూ అంటే 3, సెవరల్ అంటే 7, మెనీ అంటే 10 దాటినవి, డజన్ అంటే 12. దాన్ని బల్ల ఎదురుగా గోడకు అంటించుకున్నాను. ఈ లెక్కలు సరైనవేనా? మేనేజరుకు ఇప్పుడు ఏమని చెప్పాలి? ఇంకా కొన్ని సందేహాలు ఉన్నాయి, తర్వాత రాస్తాను.
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అమ్మా, మీరు ఏదీ దాచలేదు. ఆయన కూడా అబద్ధమాడటం లేదు. మీ వాక్యంలో ఒకే ఒక్క అక్షరం తక్కువైంది. 'ఎ ఫ్యూ' అనవలసిన చోట 'ఫ్యూ' అన్నారు. మొదటిదానికి 'కొన్ని ఉన్నాయి' అని అర్థం. రెండోదానికి 'ఉన్నా లేనట్టే' అని అర్థం. మీరు మొదటిది అనుకుంటూ రెండోది రాశారు, ఆయన రాసింది రాసినట్టు చదువుకున్నారు.

మనవాళ్ళలో ఈ పొరపాటు చేయనివారిని నేను అరుదుగా చూశాను. తెలుగులో 'ఎ', 'ది' వంటి మాటలు లేవు. లేని వస్తువు మీద మనకు పట్టింపు ఉండదు, తొందరలో ముందుగా జారిపోయేది అదే. మామూలుగా దానివల్ల పెద్ద నష్టమూ లేదు. పుస్తకం కొన్నాననే వాక్యంలో 'ఎ' మరిచిపోతే వినేవాడు మన ఇంగ్లీషు ఇంతే అనుకుని, మనసులోనే ఆ అక్షరం అతికించుకుని ముందుకు పోతాడు. 'ఫ్యూ', 'లిటిల్' అనే రెండు మాటల దగ్గర మాత్రం ఆ సర్దుబాటు జరగదు. ఎందుకంటే 'ఎ' లేకపోయినా అక్కడ వాక్యంలో తప్పు కనిపించదు. వ్యాకరణం నిక్షేపంగా ఉంటుంది, అర్థమే తిరగబడుతుంది. మీరు ఏదైనా కొట్టొచ్చినట్టు కనబడే తప్పు రాసి ఉంటే ఆయన అనుమానించి మళ్ళీ అడిగేవారు. శుద్ధమైన ఇంగ్లీషు రాయబట్టే ఇంత పని జరిగింది.

ఈ తేడా మనకు కొత్తదని మాత్రం అనుకోకండి. మధ్యాహ్నం భోజనాల వేళ అనుకోకుండా చుట్టం వచ్చాడు. "పెరుగుందా?" అని మీ నాన్నగారు వంటింటి వైపు తిరిగి అడిగారు. లోపల నుంచి మీ అమ్మగారు "కొంచెం ఉంది" అన్నారంటే చుట్టానికి పెరుగన్నం దక్కినట్టే. "కొంచెమే ఉంది" అన్నారంటే మజ్జిగతో సరిపెట్టుకోవాలి. గిన్నె అదే, అందులో పెరుగూ అంతే. చివర ఒక్క 'ఏ' చేరేసరికి, ఉన్నదాన్ని చూపించే మాట కాస్తా లేనిదాన్ని చూపించే మాట అయింది. ఇంగ్లీషులో 'ఎ లిటిల్' అంటే మీ అమ్మగారి మొదటి జవాబు, ఒట్టి 'లిటిల్' అంటే రెండోది. 'ఎ ఫ్యూ', 'ఫ్యూ' కూడా సరిగ్గా ఇంతే: 'కొంతమంది వచ్చారు', 'కొద్దిమందే వచ్చారు'. మనం చివర 'ఏ' చేర్చి మాటను కుదిస్తాం, వాళ్ళు ముందున్న 'ఎ' తీసేసి కుదిస్తారు. రాయబోయే ముందు వాక్యాన్ని తెలుగులో ఒకసారి అనుకుని చూడండి. నోట 'ఏ' వస్తే ఇంగ్లీషులో 'ఎ' ఉండకూడదు, 'ఏ' రాకపోతే 'ఎ' ఉండాలి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా తేలిక గుర్తు లేదు.

ఇప్పుడు మీ మామయ్యగారి పట్టిక సంగతి. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, 'ఫ్యూ' అంటే 3 అన్నది కుదరదు. ఊరి గ్రంథాలయంలో ఒక ఉపన్యాసానికి అయిదుగురు వస్తే గొప్ప అనుకుంటే పన్నెండు మంది వచ్చారనుకోండి, నిర్వాహకుడు "పరవాలేదు, కొంతమంది వచ్చారు" అంటాడు. అదే పన్నెండు మంది రెండు వందల ఆకులు వేయించిన పెళ్ళి విందుకు వస్తే, ఆడపెళ్ళివారి నోట "కొద్దిమందే వచ్చారు" అన్నది కూడా సరిగ్గా రాదు, గొంతు పూడుకుపోతుంది. తలలు పన్నెండే, మాటలు రెండు. ఈ మాటలు లెక్కను చెప్పవు. చెప్పేవాడు ఎంత అనుకున్నాడో, దానికి ఎంత ఎడంగా తేలిందో చెబుతాయి. అందుకే వాటి పక్కన అంకె వేయలేం. మీ 14 బగ్స్ విషయంలో జరిగింది కూడా ఇదే. మీరు మొదట వందలు చూసి ఉంటారు, 14 మీ కళ్ళకు 'కొన్ని' అనిపించి ఉండవచ్చు. ఆయన మనసులో సున్నాకు దగ్గరగా ఏదో అంకె ఉంది. 'ఫ్యూ' అన్న మాట ఆ అంకె మీద పోయి కూర్చుంది.

ఎన్ని గింజలైతే కుప్ప అవుతుందన్న ప్రశ్న క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త యూబులిడీస్ పేరు మీద ప్రసిద్ధికెక్కింది. కుప్పలోంచి ఒక గింజ తీస్తే అది కుప్ప కాకుండా పోదు కదా, మరో గింజ తీసినా అంతే. ఇలా తీస్తూ పోతే ఎక్కడ కుప్ప ఆగిపోయింది? కళ్ళంలో నిలబడ్డ రైతుకు ఈ ప్రశ్నతో పని లేదు, ధాన్యం కుప్ప ఏదో అతనికి చూపుతోనే తెలుసు. పట్టికలు రాసేవారికే దీనితో చిక్కు.

'ఎ ఫ్యూ'కూ 'ఫ్యూ'కూ ఉన్న తేడాను గ్లాస్గో విశ్వవిద్యాలయంలో లిండా మాక్సీ, ఆంథనీ శాన్‌ఫర్డ్ అనే మనస్తత్వ పరిశోధకులు ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. ఆ మాట ఉన్న వాక్యం ఇచ్చి, దాని తర్వాత 'వాళ్ళు' అంటూ ఇంకో వాక్యం కొనసాగించమని జనాన్ని అడిగారు. మ్యాచ్‌కు 'ఎ ఫ్యూ' అభిమానులు వచ్చారన్న వాక్యమైతే, తర్వాతి 'వాళ్ళు' వచ్చినవాళ్ళే: అరిచారు, ఈలలు వేశారు. ఒట్టి 'ఫ్యూ' అయితే చాలామంది రాసిన 'వాళ్ళు' రానివాళ్ళు: ఇంట్లో టీవీ చూస్తూ కూర్చున్నారు. ఎంత చిత్రం! మాట పలికింది వచ్చినవారి గురించి, మనసు పోయింది రానివారి దగ్గరికి. తెలుగులోనైతే అక్కడ 'మిగతావాళ్ళు' అని ఒక మాట వేసుకుంటాం, అందువల్ల ఈ మలుపు మనకు కనబడదు. మీ మేనేజరు చూపు కూడా అలాగే మిగిలి ఉన్న 14 మీద కాకుండా, పోయిన వాటి మీదికి వెళ్ళింది.

'ఫ్యూ' ఎంత బరువైన మాటో చూడాలంటే 1940 ఆగస్టు 20న బ్రిటన్ ప్రధాని చర్చిల్ కామన్స్ సభలో చెప్పిన వాక్యం చూడండి. జర్మన్ విమానాలను ఎదుర్కొంటున్న వైమానిక దళం గురించి మాట్లాడుతూ, మనుషుల పోరాటాల చరిత్రలో ఇంతమంది ఇంత కొద్దిమందికి ఇంతగా రుణపడటం ఎన్నడూ లేదన్నారు. మచ్, మెనీ, ఫ్యూ మూడూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. ఆ ఆకాశ పోరులో బ్రిటన్ తరఫున ఎగిరినవారు సుమారు 3,000 మంది. మూడు వేలు మీ మామయ్యగారి పట్టికలో 'మెనీ'ని కూడా ఎప్పుడో దాటిపోతాయి. అయినా ఇంగ్లీషువారికి ఈనాటికీ వారు 'ది ఫ్యూ'యే. దేశం మొత్తంతో పోల్చి చూశాడు కాబట్టి మూడు వేలు కొద్ది అయ్యాయి. అక్కడ పొరపాటున 'ఎ ఫ్యూ' అని ఉంటే ఎవరో కొందరికి రుణపడ్డాం అన్నట్టుండేది. ఆ వాక్యాన్ని మరుసటి రోజుకే మరిచిపోయేవారు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఈ 'ఎ ఫ్యూ' ముందు ఇంకో మాట చేరితే మళ్ళీ దారి మారుతుంది. 'ఓన్లీ' చేరిస్తే మన 'కొద్దిమందే' అవుతుంది, ఇది సులువే. 'క్వైట్' చేరిస్తే మాత్రం అమాంతం 'చాలామంది' అవుతుంది. దీని దెబ్బ నేను తిన్నాను. పత్రికలో చేరిన కొత్తల్లో, రాత్రి డెస్కులో ఏజెన్సీ వార్త ఒకటి తెలుగు చేస్తున్నాను. వరద ముంచుకొస్తున్నా లంక గ్రామాల వాళ్ళు 'క్వైట్ ఎ ఫ్యూ' ఇళ్ళు వదలడం లేదని ఉంది. 'ఫ్యూ' కనబడింది కదా అని 'కొద్దిమంది మాత్రం కదలడం లేదు' అని రాసి పంపించాను. మా రాత్రి ఇన్‌ఛార్జి ఆ ముక్క చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "పడవలు ఎన్ని పంపాలో నీ వాక్యం చూసి లెక్క వేస్తే ఎంతమంది మునుగుతారు?" అని అడిగారు. నలభై ఏళ్ళు కావస్తోంది, ఆ సున్నా ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

'కపుల్' దగ్గరికి వద్దాం. బంధం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది, అందుకే దంపతులూ కపులే. ఖచ్చితంగా మాట్లాడేవారికి అది రెండు. మాటల్లో రెండు మూడు. 'కపుల్ ఆఫ్ మినిట్స్' అన్నవాడి ముందు గడియారం పట్టుకుని నిలబడితే మర్యాదగా ఉండదు. 'రెండు నిమిషాల్లో వస్తాను' అని స్నేహితుడు ఫోనులో చెప్పాక మనం మాత్రం మూడో నిమిషంలో కంగారు పడతామా? అమెరికన్లు మాటల్లో ఆ 'ఆఫ్' కూడా తీసేస్తుంటారు, లండన్‌కు రాసేటప్పుడు మీరు ఉంచండి.

'సెవరల్' మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీనికి డబ్బుతో సంబంధం ఉంది. మామూలు వాడుకలో అది రెండు మూడు కన్నా ఎక్కువ, 'చాలా' కన్నా తక్కువ. మా పత్రికల్లో 'పలువురు' అని రాస్తుంటాం. అయితే ఆ మాట పుట్టుకతో లెక్కకు సంబంధించింది కాదు. దాని మూలార్థం 'వేరువేరు'. విడివిడిగా ఉన్నవి అన్న భావన నుంచి మెల్లగా 'కొన్ని' వైపు జరిగింది. ఆ పాత అర్థం ఇప్పటికీ ఒక చోట చెక్కుచెదరకుండా బతికి ఉంది: బ్యాంకు అప్పు కాగితాల్లో. స్నేహితుడి ఇంటి అప్పుకో, తోడల్లుడి వ్యాపారానికో మీరు హామీదారుగా సంతకం పెట్టే పత్రంలో 'జాయింట్లీ అండ్ సెవరల్లీ' అని ఉంటుంది. తెలుగు పత్రాల్లో 'ఉమ్మడిగాను, విడివిడిగాను' అని రాస్తారు. నలుగురు సంతకం పెట్టారు కదా, నా వంతు పావు వంతే కదా అనుకుంటారు చాలామంది. కాదు. బ్యాంకు తలచుకుంటే మొత్తం బాకీ ఒక్కరి దగ్గరే వసూలు చేయవచ్చు. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను కూడా, కలిసి మాట ఇచ్చినవారిలో ఏ ఒక్కరినైనా మొత్తం నెరవేర్చమని అడగవచ్చనే చెబుతుంది. కట్టినవాడు మిగతావారి నుంచి తర్వాత తన వాటాలు రాబట్టుకోవాలి, అది వేరే యాతన. మీ మామయ్యగారి పట్టిక చూసి అక్కడ 'సెవరల్' అంటే ఏడుగురు అనుకుంటే, మిగతా ఆరుగురి కోసం వెతుక్కుంటూ తిరగాల్సి వస్తుంది.

'మచ్', 'మెనీ' బడిలో నేర్చుకున్నవే, వాటి జోలికి పోను. 'తక్కువ' అని చెప్పే 'లెస్', 'ఫ్యూయర్' అనే రెండు మాటల తేడా మీద ఇంగ్లీషువాళ్ళలో వాళ్ళకే పేచీ ఉంది. పది వస్తువులకు మించకుండా కొన్నవాళ్ళు డబ్బు కట్టే వరుస దగ్గర పెట్టే బోర్డులో 'లెస్' ఉండాలా 'ఫ్యూయర్' ఉండాలా అన్న రభస పడలేక, 2008లో బ్రిటన్‌లోని టెస్కో దుకాణాలవాళ్ళు రెండూ ఎగరగొట్టి 'పది వరకు' అనే అర్థం వచ్చేలా మార్చుకున్నారు. తెలివైన పని. మీరు ఆ గొడవకు నిద్ర పోగొట్టుకోకండి. 'ఎ లాట్' మాత్రం రెండు మాటలుగా విడదీసి రాయండి, కలిపి రాస్తే తప్పు. చీట్లు వేసి పంచుకున్న వాటా అన్నది దాని పాత అర్థం. మార్కెట్ యార్డులో మిరప రైతు నోట వినబడే 'లాటు' కూడా దాని బంధువే. 'అంప్టీన్' అనే మాట మన ఆఫీసు ఉత్తరాల్లో తరచుగా కనబడుతుంది. అది అంకె కాదు, విసుగు. 'లక్షసార్లు చెప్పాను' అన్నదానికి ఇంగ్లీషు వేషం. ఖాతాదారుకు రాసే మెయిల్‌లో అది కనబడితే అతనికి మన లెక్క తెలియదు, మన కోపం తెలుస్తుంది.

'స్కోర్' అంటే 20. కర్ర మీద గాటు పెట్టి లెక్క గుర్తుంచుకునే రోజుల నాటి మాట. 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో లింకన్ తన ప్రసంగాన్ని 'నాలుగు స్కోర్ల ఏడేళ్ళ క్రితం' అంటూ మొదలుపెట్టాడు. 87 ఏళ్ళు వెనక్కి లెక్కిస్తే 1776, స్వాతంత్ర్య ప్రకటన చేసిన ఏడాది. లింకన్ నోట అది కచ్చితమైన అంకె. ఇప్పటి వార్తల్లో 'స్కోర్స్' అంటే పదుల సంఖ్యలో అని మాత్రమే, ఇరవై అని రాసేస్తే తప్పు. డజన్ కూడా అంతే. ఏకవచనంలో ఉన్నంతసేపు బుద్ధిగా 12. 'డజన్స్' అనగానే కట్టు తెంచుకుంటుంది. 'టెన్స్ ఆఫ్ థౌజండ్స్' అన్నదాన్ని 'పదివేలమంది' అని అనువదించడం ఇంకో పాత జబ్బు, అక్కడ ఎంత తక్కువ వేసుకున్నా ఇరవై వేలు ఉండాలి. లక్ష, కోటి అన్న మాటలు మీ లండన్ ఆయనకు రాసేటప్పుడు పక్కన సున్నాలతో కూడా రాయండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'ఆడ్'. అంకె వెనక ఒక చిన్న గీత పెట్టి 'ఆడ్' తగిలిస్తే 'ఇరవై చిల్లర' అని అర్థం. ఆ గీత మరిచిపోతే 'ఇరవై మంది వింత మనుషులు' అయిపోతారు. నవ్వకండి, తెలుగులోనూ ఇదే ప్రమాదం ఉంది. 'సభకు ఇరవై చిల్లర మంది వచ్చారు' అంటే ఎవరూ ఏమీ అనుకోరు. 'ఇరవై మంది చిల్లర మనుషులు వచ్చారు' అని చూడండి, మర్నాడు మీ ఇంటి ముందుకు ఆ ఇరవై మందీ వస్తారు.

ఇంతవరకు ఇంగ్లీషు నుంచి మన వైపు వచ్చే ఇబ్బందులు. మన వైపు నుంచి అటు పోయేవీ తక్కువేం కాదు. తెలుగులో అంకెలే చాలాసార్లు అంకెలు కావు. 'నలుగురు ఏమనుకుంటారు?' అన్నప్పుడు ఆ నలుగురి పేర్లు అడిగితే ఎవరూ చెప్పలేరు. అది లోకం. 'నాలుగు రాళ్ళు వెనకేసుకో' అంటే నిజంగా రాళ్ళు కావు, నాలుగూ కావు. 'నాలుగు రోజులుండి వెళ్ళు', 'పదిమందికి పనికొచ్చే పని', 'పదో పరకో ఇచ్చి పంపు' అన్నీ ఈ బాపతే. వీటిని అంకెలతో సహా ఇంగ్లీషులో దించితే, మన పిల్లను భయపెడుతున్న ఆ నలుగురెవరా అని అవతలివాళ్ళు కంగారు పడతారు. 'కొంచెం' మరీ గడుసుది. 'కొంచెం జరగండి' అని బస్సులో సీటు చివర అడిగినప్పుడు అది కొలత కాదు, మర్యాద. ఆ తర్వాత మనం ఎంత సీటు ఆక్రమిస్తామో కిటికీ పక్కన కూర్చున్నవారికి తెలుసు! ఆ 'కొంచెం'ను 'లిటిల్' అని ఇంగ్లీషు మెయిల్‌లో పెడితే మర్యాద పోయి కొలత మిగులుతుంది. ఇంగ్లీషులో ఆ మర్యాద 'కుడ్ యూ'లో ఉంటుంది.

వాళ్ళ 'కొంచెం' వల్ల వాళ్ళే నష్టపోయిన కథ ఒకటి ఉంది. కొరియా యుద్ధంలో, 1951 ఏప్రిల్‌లో, ఇమ్‌జిన్ నది దగ్గర బ్రిటిష్ దళాన్ని చైనా సేనలు చుట్టుముడుతున్నాయి. పరిస్థితి ఏమిటని అమెరికన్ జనరల్ అడిగితే బ్రిగేడియర్ బ్రోడీ, 'ఎ బిట్ స్టిక్కీ' అన్నాడని చెబుతారు. ఇంగ్లీషు చెవికి అది 'కొంప మునుగుతోంది' అన్నట్టు. అమెరికన్ చెవికి 'కాస్త చిక్కుగా ఉంది, నెట్టుకొస్తున్నాం' అన్నట్టు. గ్లోస్టర్ పటాలం కొండ మీద చిక్కుబడిపోయింది. పదుల సంఖ్యలో చనిపోయారు, మిగిలినవారిలో ఎక్కువమంది బందీలయ్యారు. ఇద్దరిదీ మాతృభాష ఇంగ్లీషే, గమనించారు కదా. మీ లండన్ ఆయన ఎప్పుడైనా మీ పని మీద 'ఎ ఫ్యూ' చిన్న సూచనలు ఉన్నాయన్నారంటే, టీ తాగి వచ్చి తీరిగ్గా కూర్చోండి. మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి రావచ్చు.

అదే 1951లో అమెరికా గూఢచారి సంస్థలో నిపుణుల బృందం ఒక నివేదిక రాసింది. యుగోస్లావియా మీద ఆ ఏడాది దాడి జరగడానికి 'సీరియస్ పాసిబిలిటీ' ఉందని అందులో ఉంది. ఎంత ఉన్నట్టు అని విదేశాంగశాఖ అధికారి ఒకరు ఆ బృందంలోని షెర్మన్ కెంట్‌ను అడిగారు. నూటికి 65 పాళ్ళు జరుగుతుందని కెంట్ చెప్పారు. ఆ అధికారి అంతకన్నా బాగా తక్కువ అనుకుని ఉన్నారు. అనుమానం వచ్చి కెంట్ తన సొంత బృందంలో ఒక్కొక్కరినీ అడిగి చూశారు. ఒకరి మనసులో 20, ఇంకొకరి మనసులో 80. ఒకే వాక్యం మీద అందరూ తలలూపి ఒప్పుకున్నారు, ఒక్కరి తలలో ఉన్న అంకె ఇంకొకరి తలలో లేదు. 1964లో ఆయన దీని మీద ఒక వ్యాసం రాసి, ఇలాంటి మాటలకు అంకెలు కట్టాలని వాదించారు. వాతావరణ మార్పు మీద నివేదికలిచ్చే అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ ఇప్పుడు ఆ పనే చేస్తోంది. వాళ్ళ నివేదికలో 'లైక్లీ' అంటే నూటికి కనీసం 66, 'వెరీ లైక్లీ' అంటే కనీసం 90. ఐరోపాలో మందు పెట్టెలో మడిచి పెట్టే కాగితంలో కూడా అంతే: ఒక దుష్ఫలితం 'కామన్' అని ఉంటే నూరు మందిలో ఒకరి నుంచి పదిమంది లోపు, 'రేర్' అంటే వెయ్యిమందిలో ఒకరి కన్నా తక్కువ. మామూలు చెవికి 'కామన్' అంటే అందరికీ వచ్చేదేనని అనిపించి, మాత్ర వేసుకోవడమే మానేసేవారుంటారు. కాగితంలో ఆ మాట పక్కన అంకె ఉంది కాబట్టి సరిపోయింది.

కాబట్టి మీరు చేయవలసింది ఇదీ. ఆయనకు రెండు మూడు వాక్యాల్లో రాయండి. 'కొన్ని ఉన్నాయి' అని చెప్పబోయి 'ఎ' వదిలేశానని, ఆ రోజు మిగిలినవి 14 అని, ఇకపై అంకె రాస్తానని. సంజాయిషీ అంతకు మించి పొడిగించకండి, పొడిగించిన కొద్దీ తప్పు పెద్దదిగా కనబడుతుంది. నా లెక్కలో ఇందులో సగం తప్పు ఆయనది కూడా. ఒక్క మాట చూసి విడుదలకు ఊ కొట్టేవాడు ఎన్ని అని అడగాలి. ఆ మాట మీరు ఆయనతో అనకండి, నేను అన్నాను కదా, చాలు. ఇక ముందు 14 ఉంటే 14 అనే రాయండి, వాటిలో సరిచేయకుండా విడుదల చేయకూడనివి ఎన్నో ఆ పక్కనే రాయండి. ఒక్కోసారి రెండో అంకె మొదటిదాని కన్నా ముఖ్యం.

అంటే ఈ మాటలన్నీ పారేయమని నా ఉద్దేశం కాదు. అంకె తెలియని చోట, తెలిసినా చెప్పడం బాగుండని చోట ఇవి లేకపోతే బతకలేం. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దాయన "అబ్బాయికి జీతమెంత?" అంటే "ఏదో, నాలుగు డబ్బులు వస్తున్నాయి" అనడంలో ఉన్న అందం, జీతం రశీదు తీసి చూపిస్తే ఎక్కడిది? బగ్స్ విషయంలో మాత్రం ఆ అందం పనికిరాదు.

మామయ్యగారి కాగితాన్ని గోడ మీద నుంచి తీయకండి, ఆయన నొచ్చుకుంటారు. 'డజన్' దగ్గర ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇక మీ మిగతా సందేహాలు. 'కొన్ని' అన్నారు కానీ ఎన్నో రాయలేదు. రెండు దాటితే విడివిడి ఉత్తరాలుగా పంపండి, ఈ పేజీలో నాకిచ్చే చోటు కొంచెమే.